మెట్ల కింద దొరికిన పాత గ్యాస్ బండలు: ఎవరికి ఇవ్వాలి, ఎలా వదిలించుకోవాలి?

పాతగది | సోమవారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. నాన్నగారు పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్లకు మనసు గట్టి చేసుకుని ఆయన ఇల్లు ఖాళీ చేయడం మొదలుపెట్టాము. మెట్ల కింద అరలో పాత పరుపులు, ఒక ఇనుప పెట్టె జరిపేసరికి వాటి వెనుక మూడు గ్యాస్ బండలు బయటపడ్డాయి. ఆ ఇంటికి గొట్టాల ద్వారా గ్యాస్ వచ్చి పదిహేనేళ్లయింది. కాబట్టి ఇవి అంతకు ముందువే అయి ఉండాలి. రెండు ఒకే రకం, ఒకే ఎత్తు. మూడోది చిన్నది. దానికి తుప్పు ఎక్కువ, పైగా ఎవరో తలుపులకు వేసే రంగు దాని మీద మందంగా పూసి ఉంచారు.

ఊపి చూశాను, లోపల చప్పుడు లేదు. దగ్గరగా వంగి చూశాను, వాసన లేదు. ఖాళీవే అనుకుంటున్నాను. పాత ఇనుము కొనే అతను వచ్చి, "పైనున్న ఇత్తడి వాల్వు ఊడదీసి ఇవ్వండి, ఇప్పుడే తూకం వేసుకుని తీసుకుపోతాను" అన్నాడు. మా బావగారు రెంచి తెచ్చి వాల్వుకు బిగించేశారు కూడా. నాకెందుకో గుండె ఝల్లుమంది, వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయనకు కోపం వచ్చింది.

కనెక్షన్ పుస్తకం, రసీదులు ఏవీ దొరకలేదు. వీటిని ఎవరికి ఇవ్వాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

నీలిమంట | సోమవారం, 6:31

చెయ్యి పట్టుకుని ఆపి మంచి పని చేశారు. ఆ రెంచి మళ్లీ బయటికి రానివ్వకండి. బండలను చెత్తబండిలో వేయవద్దు, తుక్కు కొట్టుకు పంపవద్దు, వీధి చివర వదిలేయవద్దు. ముందు మూడింటినీ ఇంట్లోంచి తీసి గాలి ఆడే నీడలోకి మెల్లగా చేర్చండి. నేలగది, మురుగు కాలువ, బావి పక్కన లేకుండా చూసుకోండి. నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

పనిమూట | సోమవారం, 7:05

నేను ఇరవై రెండేళ్లు బండల తనిఖీ కేంద్రంలో పనిచేసి బయటికి వచ్చాను. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మొదటి రోజే ఒక మాట మాన్పించేవాళ్లం. "ఖాళీ బండ" అనకూడదు, "వాడిన బండ" అనాలి.

పొయ్యి ఆరిపోయిందంటే రెగ్యులేటర్‌కు చాలినంత ఒత్తిడి లేదని మాత్రమే అర్థం. బండ నిండా ఆవిరి ఉంటుంది. ఒక్కోసారి అడుగున ద్రవం కూడా మిగులుతుంది. వంటగ్యాస్‌లో ఉండేవి ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బ్యూటేన్‌కు మాత్రం దాదాపు సున్నా డిగ్రీలు కావాలి. బాగా చలిగా ఉన్న రోజుల్లో తేలికైన ప్రొపేన్ ముందు వెళ్లిపోతుంది, బ్యూటేన్ కదలకుండా అడుగున కూర్చుంటుంది. మంట ఆరింది కదా అని ఇంటివాళ్లు బండను మూలకు నెడతారు. ఎండలు రాగానే అదే బండలో మళ్లీ ఒత్తిడి పుంజుకుంటుంది.

మీరు చేసిన రెండు పరీక్షలనూ నమ్మడానికి లేదు. ఊపితే చప్పుడు రాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాసన సంగతి ఇంకా ముఖ్యమైనది. గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. మనం గుర్తుపట్టే ఆ ఘాటు వాసన ఇథైల్ మెర్‌కాప్టన్ అనే పదార్థాన్ని అతి కొద్దిగా కలపడం వల్ల వస్తుంది. 1937 మార్చి 18న అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే చోట, వాసన కలపని సహజవాయువు బడి నేల కింద పేరుకుని పేలింది. మూడు వందలకు దగ్గరగా ప్రాణాలు పోయాయి, పోయినవారిలో ఎక్కువ మంది పిల్లలే. ఆ ఘోరం తర్వాతే వాసన కలపాలన్న చట్టాలు వచ్చాయి. అయితే బండ లోపలి గోడ తుప్పు పడితే ఆ తుప్పు వాసన పదార్థాన్ని మెల్లగా తినేస్తుంది. పదిహేనేళ్లు మూలన పడి ఉన్న బండలో గ్యాస్ ఉండి కూడా మీ ముక్కుకు ఏమీ తెలియకపోవచ్చు.

వాల్వును ముట్టుకోకుండా, పైన పట్టుకునే కడియం మీద కొట్టిన అక్షరాలను తడిగుడ్డతో తుడిచి చదవండి. ఇనుప బ్రష్షు వద్దు. సరఫరా సంస్థ పేరు, ఖాళీ బరువు, తనిఖీ తేదీ అక్కడే ఉంటాయి. తర్వాత తూకం వేసి ఆ అంకెలు ఇక్కడ రాయండి.

సరళరేఖ | సోమవారం, 7:22

ఇంత భయపడాల్సిన పని లేదనిపిస్తోంది. మేము ఇల్లు మారినప్పుడు రెండు బండలు పాత ఇనుముకు వేశాము, ఏమీ కాలేదు.

తోటమాలి | సోమవారం, 7:40

నాదొక సందేహం. నాకూ ఒక పాత బండ ఉంది. అడ్డంగా కోస్తే మొక్కలకు మంచి తొట్లు అవుతాయి, చలి మంటకు కుంపటిలా కూడా పనికొస్తుంది. వారం రోజులు వాల్వు తెరిచి ఆరుబయట పెట్టి, నీళ్లతో కడిగి కోస్తే ప్రమాదం లేదని వీడియోల్లో చూపిస్తున్నారు. అంత గట్టి ఇనుము వృథాగా పోవడం ఎందుకు?

కొలిమి | సోమవారం, 8:26

తోటమాలి గారూ, మీరు రాసిన ఆ పద్ధతినే నమ్మి నేను చేయి కాల్చుకున్నాను. వివరంగా చెబుతాను.

నాది వెల్డింగు పని. ఎనిమిదేళ్ల కిందట తెలిసినాయన ఒకరు పాత బండ తెచ్చి, మధ్యకు కోసి పొయ్యి చేసిపెట్టమన్నారు. వారం రోజులు వాల్వు తెరిచి ఉంచానని, మూడుసార్లు నీళ్లు పోసి కడిగానని చెప్పారు. పెద్దమనిషి మాట కదా అని నమ్మాను. బండను చెక్కల మధ్య పడుకోబెట్టి గ్రైండర్ ఆనించాను. బెత్తెడు కోత పడిందో లేదో, గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆ వెంటనే కోతలోంచి నీలి మంట నాలుకలా బయటికి వచ్చింది. తర్వాతి శబ్దం నాకు వినపడలేదు. రెండు రోజుల వరకు ఏ శబ్దమూ వినపడలేదు. బండ అడుగు భాగం ఊడి, గోడకు ఆనించిన రేకును చీల్చుకుని అవతల పడింది. నా కనుబొమ్మలు, ఎడమ ముంజేతి మీద చర్మం కాలిపోయాయి.

నా దగ్గర పనిచేసే కుర్రవాడు రోజూ నిలబడే చోటు సరిగ్గా ఆ రేకు ముందే. ఆ క్షణంలో తీగచుట్ట తేవడానికి లోపలికి వెళ్లాడు కాబట్టి ఈరోజు బతికి ఉన్నాడు. ఇది తలుచుకోని రోజు లేదు నాకు.

గాయం మానాక ఆ రెండు ముక్కలను దగ్గరగా చూశాను. లోపలి గోడకు నల్లటి జిడ్డు పొర, తారు పూసినట్టు. వేలితో గీస్తే గోరు కిందికి ఎక్కింది. తుప్పు పెచ్చుల మధ్య ఆ జిడ్డు ఇంకిపోయి ఉంది. నీళ్లు దాని మీద నుంచి జారిపోయాయే తప్ప దాన్ని కడగలేదు. గ్రైండర్ వేడికి అదే ఆవిరై మండింది. ఇప్పుడు నా కొట్టు ముందు బోర్డు పెట్టాను, బండలు, పీపాలు కోయబడవు అని.

లెక్కలపుస్తకం | సోమవారం, 9:02

కొలిమి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను రసాయనశాస్త్రం బోధిస్తాను. వాల్వు తెరిచి వారం ఉంచితే మంచిదన్న నమ్మకం చాలామందిలో ఉంది కాబట్టి, అది ఎందుకు తప్పో చెప్పాలి.

ప్రొపేన్ గాలిలో ఏ పాళ్లలో ఉన్నా అంటుకోదు. దాదాపు 2 శాతం నుంచి 9.5 శాతం వరకు కలిసినప్పుడే అంటుకుంటుంది. వాల్వు మూసి ఉన్న బండలో గాలి లేదు, ఉన్నదంతా గ్యాసే. అక్కడ మండడానికి కావలసిన ఆక్సిజన్ లేదు. వాల్వు తెరిచి ఉంచగానే ఒత్తిడి పోయి, మెల్లగా గాలి లోపలికి వెళ్లడం మొదలవుతుంది. ఈ ఆవిరి గాలికన్నా బరువు, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. అందుకే పైకి ఎగిరిపోకుండా బండ అడుగున మడుగు కట్టి, గాలితో కొద్దికొద్దిగా కలుస్తుంది. అంటే ఏదో ఒక రోజున బండ లోపలి మిశ్రమం సరిగ్గా పేలే పాళ్లకు చేరుతుంది. మూసి ఉన్నప్పుడు లేని ప్రమాదాన్ని మనమే చేతులారా తయారుచేసినట్టు. ఇక నీళ్ల మాట. నీళ్లు నింపిన చోట గ్యాస్ ఉండదన్నది నిజమే. కానీ పైన జానెడు చోటు మిగిలినా అక్కడ చేరేది ఈ మిశ్రమమే.

బయటికి వచ్చిన గ్యాస్ కూడా నేల మీద పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. నీలిమంట గారు నేలగది, కాలువ అన్నది అందుకే.

తోటమాలి | సోమవారం, 9:30

కొలిమి గారూ, చెప్పినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. నా బండ వాల్వు నిన్నటి నుంచి తెరిచే ఉంది. ఇప్పుడేం చేయాలి?

పనిమూట | సోమవారం, 9:36

దగ్గరలో దీపం, సిగరెట్టు, మోటారు, స్విచ్చు ఏమీ లేవని చూసుకుని, వాల్వును చేత్తోనే మూయండి. బిగుసుకుంటే సుత్తి పెట్టవద్దు, వేడి చేయవద్దు, అలాగే వదిలేయండి. పిల్లలను అటు పోనివ్వకండి. పొద్దున్నే సరఫరా సంస్థకు ఫోన్ చేసి, వాల్వు తెరిచి ఉంచిన బండ అని విడిగా చెప్పండి. ఈ మాట చెప్పకపోతే వాళ్లు మామూలు బండ అనుకుంటారు.

వేదిక నిర్వాహకులు | సోమవారం, 10:15

ఇంట్లో వాల్వు ఊడదీసే పద్ధతిని వరుసగా వివరించిన ఒక టపాను తొలగించాము. రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. చదివినవారు ప్రయత్నించి చూస్తే నష్టం తిరిగిరాదు. దయచేసి అలాంటివి రాయకండి.

తుక్కుకొట్టు | మంగళవారం, ఉదయం 7:48

సరళరేఖ గారూ, మీకు ఏమీ కాలేదన్నది నిజమే. అది మా కొట్టులోకి వచ్చాక ఏమైందో మీకు తెలిసే అవకాశం లేదు.

మా తండ్రిగారి కాలం నుంచి మాది పాత ఇనుము వ్యాపారం. మా దగ్గరికి వచ్చిన సరుకును దిమ్మెలుగా నొక్కే యంత్రంలో వేస్తాము. మూసి ఉన్న బండ ఒకటి రేకుల గుట్టలో కలిసిపోతే మాకు కనిపించదు. యంత్రం నొక్కినప్పుడు ఇనుముకు ఇనుము రాసుకుని నిప్పురవ్వలు వస్తాయి. అదే సమయంలో బండ పగులుతుంది. ఒకసారి మా దగ్గర అలాగే జరిగింది. యంత్రం నడుపుతున్న మనిషి ముందు అద్దం ఉంది కాబట్టి ప్రాణం దక్కింది, ముఖాన అద్దం ముక్కలు గుచ్చుకున్నాయి. ఆ బండ ఎవరింటి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆ ఇంటివాళ్లకు ఏమీ కాలేదు.

అప్పటి నుంచి బండ కనిపిస్తే వెనక్కి పంపిస్తున్నాను. వాల్వు విప్పి తెమ్మని ఎవరైనా అన్నారంటే, ఆ ప్రమాదాన్ని తన కొట్టు నుంచి మీ వాకిట్లోకి నెడుతున్నాడని అర్థం చేసుకోండి. ఇనుము వృథా అవుతుందన్న దిగులు కూడా అవసరం లేదు. సంస్థ వాళ్లు గ్యాస్ పూర్తిగా తీసేసి, పనికిరాని బండను మళ్లీ ఎవరూ వాడలేకుండా నలగ్గొట్టి పంపిస్తారు. అలా వచ్చిన సరుకును మేము సంతోషంగా తీసుకుంటాము. చివరికి కరిగేది కొలిమిలోనే.

సరళరేఖ | మంగళవారం, 8:10

ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు. తెలియక చేసిన పని. మీ దగ్గర గాయపడినాయన ఇప్పుడు బాగున్నారా?

తుక్కుకొట్టు | మంగళవారం, 8:14

బాగున్నారండి. మళ్లీ పనిలోకి వచ్చారు. ఆ యంత్రం దగ్గరికి మాత్రం వెళ్లరు.

పాతగది | మంగళవారం, 11:20

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రే మూడింటినీ పెరట్లో చెట్టు నీడకు చేర్చాము. ఈ టపాలన్నీ బావగారికి చదివి వినిపించాను. కొలిమి గారు రాసింది విన్నాక ఆయన ఏమీ మాట్లాడకుండా రెంచి తీసుకెళ్లి పెట్టెలో పెట్టేశారు.

పొద్దున తడిగుడ్డతో తుడిచి చూశాము. పెద్ద బండలు రెండింటికీ ఒకే సంస్థ పేరు ఉంది. మొదటిదాని మీద ఖాళీ బరువు 15.3 కిలోలు అని ఉంది. తూకం వేస్తే 17.1 వచ్చింది. నమ్మలేక రెండోసారి వేశాను, అదే అంకె. రెండోదాని మీద 15.6 అని ఉంది, తూకం 15.7.

చిన్నదాని మీద రంగు తప్ప ఏమీ కనిపించడం లేదు. పేరు లేదు, అంకె లేదు. వాల్వు చుట్టూ మాత్రం నీలంగా, కొంచెం పచ్చగా, పాత రాగి పాత్రకు పట్టే చిలుము లాంటిది ఉంది. ఫోటో పెట్టాను చూడండి.

లెక్కలపుస్తకం | మంగళవారం, 11:52

మొదటిదానిలో 1.8 కిలోల తేడా ఉంది. అదంతా గ్యాసే అయితే ఎంతో చూద్దాం. ఒక ఘనమీటరు వంటగ్యాస్ ఆవిరి బరువు సుమారు రెండుంపావు కిలోలు అనుకుంటే, ఇది 0.8 ఘనమీటరు ఆవిరి. గాలిలో 2 శాతం కలిస్తే చాలు అంటుకుంటుంది కాబట్టి, ఇది 40 ఘనమీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గది మొత్తం అన్నమాట. చప్పుడు రాని, వాసన లేని బండ ఇది.

రెండోది నిజంగానే అయిపోయింది. అయినా 30 లీటర్ల బండ మామూలు గాలి ఒత్తిడి దగ్గర గ్యాస్‌తో నిండి ఉన్నా, ఒకటిన్నర ఘనమీటర్ల గాలిని అంటుకునేలా చేస్తుంది. బీరువా అంత చోటు.

పనిమూట | మంగళవారం, 12:30

తేడాలో కొంత నీరు, తుప్పు, జిడ్డు కూడా ఉండవచ్చు. గ్యాసే అనుకుని మసలుకోవడం మంచిది.

నన్ను కలవరపెడుతున్నది ఆ చిన్నది. పాతగది గారూ, దాన్ని ఇక కదపకండి. వాల్వు దగ్గరికి చేయి పోనివ్వకండి. ఇత్తడి మీద ఆ నీలి ఆకుపచ్చ మచ్చ అమ్మోనియా తగిలినప్పుడు వస్తుంది. వంటగ్యాస్ బండలో ఎవరైనా ఎప్పుడైనా అమ్మోనియా నింపి వాడి ఉంటే, ఇత్తడి లోలోపల పగుళ్లు పడి పెళుసుబారిపోతుంది. అలాంటి వాల్వు చేత్తో తిప్పితేనే విరిగి ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఇది మామూలు తేమ వల్ల పట్టిన చిలుమే కావచ్చు. ఫోటో చూసి తేల్చగల విషయం కాదు, తేల్చే వరకు చెడ్డదనే అనుకోవాలి.

పైగా పేరు లేదు. పేరు లేని బండలో వంటగ్యాసే ఉందని ఎలా అనగలం? వెల్డింగు వాళ్ల ఎసిటిలిన్ బండలు కూడా ఇళ్ల మూలల్లో బయటపడుతుంటాయి. వాటి లోపల స్పంజి లాంటి గట్టి పదార్థం, అందులో ఇంకిన ఎసిటోన్ అనే మండే ద్రవం ఉంటాయి. బాగా పాతవాటిలో ఆ గట్టి పదార్థానికి, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ కూడా వాడారు. పైన ఏ రంగు పూసి ఉందో చూసి లోపల ఏముందో చెప్పలేము, ముఖ్యంగా తలుపుల రంగు పూసినప్పుడు. దాన్ని సంస్థ వాళ్లు కూడా తీసుకోకపోవచ్చు. అగ్నిమాపక శాఖకు, లేదా ప్రమాదకరమైన వ్యర్థాలు సేకరించే ప్రభుత్వ విభాగానికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అరుగు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

కాగితాలు లేవని పాతగది గారు వెనకాడుతున్నట్టున్నారు, అందుకే రాస్తున్నాను. మళ్లీ నింపే బండ చాలా చోట్ల వాడుకునేవాళ్లది కాదు. మనం కట్టింది డిపాజిట్ మాత్రమే, బండ ఎప్పటికీ సంస్థ ఆస్తే. దాన్ని అమ్మడానికి మనకు హక్కు లేదు. తిరిగి తీసుకోవలసిన పని వాళ్లది. రసీదు ఉంటే డిపాజిట్ తిరిగి వస్తుంది. లేకపోతే డబ్బు రాకపోవచ్చు, బండను మాత్రం తీసుకుంటారు. మా అత్తగారి ఇంట్లో దొరికిన బండకు నేను చేసిందల్లా ఒక కాగితం మీద "ఫలానా వారి ఇంట్లో దొరికింది, వారు మరణించారు, మాకు కాగితాలు దొరకలేదు" అని రాసి సంతకం పెట్టడమే. డిపాజిట్ కోసం ఆశపడి ఆలస్యం చేయకండి. ఆ సంస్థ ఇప్పుడు లేకపోతే, దాన్ని కొన్న సంస్థ ఏదో కనుక్కుని వాళ్లను అడగాలి.

బాటసారి | మంగళవారం, 4:40

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. కొండలెక్కడానికి వెళ్లినప్పుడు వాడే చిన్న డబ్బాలు నా దగ్గర పది దాకా పేరుకున్నాయి. ఒకసారి వాడి పారేసేవి. మళ్లీ నింపడానికి లేదు. వీటిని ఎవరూ వెనక్కి తీసుకోవడం లేదు. ఇంకొకటి, మా అన్నయ్య ఇంట్లో ఇనుముది కాని తేలిక బండ ఉంది, లోపల గ్యాస్ మట్టం కనిపిస్తుంది. దాన్ని కూడా అందరిలాగే ఇవ్వవచ్చా?

నీలిమంట | మంగళవారం, 5:15

చిన్న డబ్బాలు కూడా చెత్తలో వేయకూడదు, చెత్తబండిలోనూ నొక్కే యంత్రం ఉంటుంది. ఆరుబయట, పొయ్యికి తగిలించి మంట దానంతట అదే ఆరే వరకు మండించి, పురపాలక సంఘం వాళ్లు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున ఇవ్వండి. వాటిని మళ్లీ నింపాలని ఎవరు చెప్పినా వినకండి. ఒక్కసారి వాడకానికి చేసిన పలుచని రేకు అది.

తేలిక బండ గాజు పోగులు, ప్లాస్టిక్కుతో చేసినది. ఇనుములా కరిగించడానికి కుదరదు. అది కచ్చితంగా ఇచ్చిన సంస్థకే వెళ్లాలి.

పాతగది | గురువారం, సాయంత్రం 5:50

సంస్థకు ఫోన్ చేశాను. మొదట మాట్లాడినావిడ కాగితాలు లేకుండా కుదరదన్నారు. అరుగు గారు చెప్పినట్టు, బండ మీదున్న పేరు, తూకాలు చదివి వినిపించి, ఇది మీ ఆస్తి, తీసుకుపోవలసింది మీరే అన్నాను. పై అధికారికి ఇచ్చారు. ఆయన తూకంలో తేడా వినగానే స్వరం మార్చి, రేపు మనిషిని పంపుతామన్నారు. వాళ్లు రాకపోతే మా కారు డిక్కీలో పెట్టి తీసుకెళ్లవచ్చా?

పనిమూట | గురువారం, 6:20

డిక్కీ మాత్రం వద్దు. మూసిన చోట కొంచెం లీకయినా మీకు తెలియదు, వాసన మీద ఆధారపడలేమని ముందే అనుకున్నాం. తప్పనిసరి అయితే, వెనుక భాగం తెరిచి ఉన్న బండిలో నిలబెట్టి, తాడుతో కట్టి, వాల్వు మీద మూత బిగించి, నేరుగా తీసుకెళ్లాలి. మధ్యలో ఎండలో ఆపకూడదు. వాళ్లే వస్తే అంతకన్నా మంచిది లేదు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఎదురుచూడండి.

పాతగది | శనివారం, ఉదయం 10:05

నిన్న ఇద్దరు మనుషులు వచ్చారు. ముందు వాల్వు చుట్టూ సబ్బు నురగ పూసి చూశారు. బరువున్న బండ వాల్వు పక్కన ఒక్క బుడగ, ఆవగింజంత, మెల్లగా పెరిగి పగిలింది. మళ్లీ ఇంకొకటి. వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచి చూపించారు. పదిహేనేళ్లుగా మెట్ల కింద అది అలాగే బుడగలు వదులుతూ ఉందేమో. ఆ మెట్ల మీదే మా పిల్లలు ఆడుకునేవారు. మూత బిగించి రెండింటినీ తీసుకెళ్లారు. రసీదు ఇచ్చారు.

చిన్నదాని కోసం అగ్నిమాపక శాఖకు ఫోన్ చేస్తే గంటన్నరలో వచ్చారు. తెలియని బండ అని చెప్పినందుకు మంచి పని చేశారన్నారు. వాల్వు ముట్టుకోకుండా ఇసుక పోసిన పెట్టెలో నిలబెట్టి తీసుకెళ్లారు. లోపల ఏముందో పరీక్షించాక చెబుతామన్నారు.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. అదే అరలో రెండు పాత రెగ్యులేటర్లు, ఒక రబ్బరు గొట్టం దొరికాయి. వీటిని ఏం చేయాలి?

పనిమూట | శనివారం, 10:30

ఆ బుడగ సంగతి చదివి ఒళ్లు గగుర్పొడిచింది. మూడూ ఇల్లు దాటినందుకు నా మనసు కుదుటపడింది.

రెగ్యులేటర్లు కూడా చాలాచోట్ల సంస్థవే, రసీదు తీసుకుని తిరిగి ఇచ్చేయండి. పాతవాటి లోపలి రబ్బరు పొర ఎండిపోయి ఉంటుంది, ఇంకెవరి పొయ్యికీ తగిలించకూడదు. గొట్టాన్ని మాత్రం ముందు జానెడు జానెడు ముక్కలుగా కోయండి, అప్పుడు చెత్తలో వేయండి. కోయకుండా పారేస్తే ఎవరో ఒకరు తీసుకుని తగిలిస్తారు.

తోటమాలి | శనివారం, 11:15

నా బండ కూడా ఈ ఉదయం వెళ్లింది. వాల్వు చేత్తోనే మూసుకుంది. వచ్చినతనికి తెరిచి ఉంచిన సంగతి చెప్పగానే, మిగతా బండలతో కలపకుండా విడిగా కట్టి తీసుకెళ్లాడు. తొట్ల కోసం కొలిమి గారిని అడుగుతున్నాను. కొత్త రేకుతో చేసి ఇస్తారా?

కొలిమి | శనివారం, 12:40

తప్పకుండా చేస్తానండి. కొలతలు పంపండి.

పాతగది | శనివారం, 1:10

గొట్టాన్ని కోసేశాము. బావగారే కత్తెర పట్టారు. వంచినచోటల్లా అది ఎండిన ఆకులా పగిలింది. మెట్ల కింద నేల మీద మూడు తుప్పు వలయాలు మిగిలాయి. కడిగినా పోలేదు. చిన్న బండ గురించి కబురు రాగానే ఇక్కడ రాస్తాను.